బిల్లు కాగితం వెనుక

సెట్టింగ్సు అన్నీ రాసిపెట్టుకున్న.
డైరీల కాదు, కరెంటు బిల్లుల రోలు చింపి
వెనుక దిక్కు బాల్‌పెన్నుతో.
ముందు దిక్కు అచ్చయిన యూనిట్లు, బకాయిలు
ఆర్నెల్లకే తెల్లబడిపోయినయి.
వెనుక నేను గీకిన అంకెలు మాత్రం
ఎవరికో బాకీ ఉన్నట్టు అట్లనే ఉన్నయి.

సోమశిల రేవు. పొద్దుగాల అయిదుంబావు.
ఎఫ్ ఒకటి పాయింట్ ఎనిమిది, సెకండుల ముప్పయ్యో వంతు,
ఐఎస్ఓ పదహారువందలు.
ఇంజను పడవ వణుకుతుంటే నేనూ వణికిన.
లెన్సు అంతగనం తెరిస్తే
బెత్తెడు దూరమే సక్కగ పడతదని అప్పటికి తెల్వదు.
నిరంజనమ్మ మొహం మంచుల కలిసింది,
ఆమె ఒళ్లో మేకపోతు చెవి మాత్రం
వెంట్రుక వెంట్రుక లెక్కపెట్టొచ్చు.
బిడ్డ పురుడైందని అవతలి ఒడ్డుకు పోతున్నది.
స్క్రీన్ చూపిస్తే చానాసేపు చూసి
"దీన్నే మంచిగ తీసినవ్ నాయనా,
ఎల్లుండికి ఉండదు గదా" అన్నది.

సాగర్ గేట్లు ఎత్తిన ఆదివారం
వెయ్యో వంతు, ఎఫ్ అయిదు పాయింట్ ఆరు.
డ్యాముకు వీపు పెట్టి నిలబడ్డ.
అది అందరి ఫోన్లల్ల ఉండనే ఉన్నది.
నా దాంట్ల గాలిల ఆగిపోయిన తుంపర,
తుంపరల మక్కకంకులాయన.
గొడుగు ఆయన నెత్తి మీద లేదు,
బొగ్గుల మీదున్నది.

ఇంకో చీటీ మీద ఊరి పేరొక్కటే.
పాలమూరు బస్టాండు, రాత్రి రెండు.
పుణె బస్సుకాడ మూటలు, గిన్నెలు,
బకెట్లల్ల నిలబెట్టిన పారలు, ఒరిగి పండిన పిల్లలు.
మూట మీద కూసున్న ఒకాయన
నన్ను చూసి అటు తిరిగిండు.
తిరిగినంకనే గుర్తుపట్టిన.
అయిదో తరగతిల మా అందరికంటే ముందు
పందొమ్మిదో ఎక్కం తడబడకుండ ఒప్పజెప్పిన
కావలి ఎల్లప్ప.
చీకటి బాగుండె, తీసినా గింజలు గింజలు పడతదని
ఇంట్ల అడిగితే చెప్పిన.
వెలుతురు మస్తుండె.
లెన్సు మూత తీయలే.

మర్రిగూడ అవతల ఈదయ్య ఇల్లు.
మీటరు గోడకు ఎత్తున ఉన్నది,
నెలనెలా నేనే చదివి చెప్పాలె.
బోరునీళ్లు ఆయన వెన్నును
ఇరవై ఏండ్లల్ల కొడవలి చేసినయి.
సంచిలకెల్లి కెమెరా తీస్తే నవ్విండు.
"నన్ను నిటారుగ దించే మిషినైతే దించు."

ఎఫ్ ఎనిమిది. నూట ఇరవై అయిదో వంతు. ఐఎస్ఓ వంద.
పక్క నుంచి, నడుము పైకి.
మూడంకెలు ఎంత తిప్పినా మనిషి అట్లనే ఉన్నడు.
అప్పుడు కెమెరానే వంచిన,
ఆయన ఎంత వంగిండో అంత.
ఫ్రేములకు ఈదయ్య నిలువున వచ్చిండు
పెండ్లినాటి పోరని తీరుగ.
వెనుక గుట్ట జారింది, గోడ జారింది,
తీగె మీద ఆరేసిన తువ్వాల
గాలి లేకున్నా ఒకదిక్కు ఎగిరింది.

మెడ తిరగదు గనక
స్క్రీన్ ఆయన కండ్లకాడికి పట్టుకొని కింద కూసున్న.
ఏమన్న అంటడేమోనని చూసిన.
బీడీ ఆరిపోయేదాక ఏమనలే.
ఆఖరికి వేలు పెట్టి చూపిచ్చిండు
"కరెంటు స్తంభం ఒరిగింది,
మీ ఏఈకి చెప్పు."

దేవరకొండల జహీర్ దుకాణం.
కంప్యూటర్ల పెద్దగ చేసి నొసలు ముడిచిండు.
"అన్నా, గుట్ట వంకరొచ్చింది, స్తంభం వంకరొచ్చింది,
ఒక్క క్లిక్కు, సక్కగ చేస్త."
మౌసు మీది చెయ్యి పట్టుకున్న.
ముట్టకు.
పన్నెండు బై పద్దెనిమిది, రెండు కాపీలు.
ఒకదానికి అద్దం వేసి
దారం బాగ పొడుగు పెట్టు,
గోడకు కిందికి వేలాడాలె.